జవాబు ఎవరు చెప్పాలి?

సూపర్‌హీరో సినిమాల్లో భవనాలు కూలడం మామూలే. వాటి కింద ఎవరున్నారో మాత్రం చాలా సినిమాలు పట్టించుకోవు. 2016లో రూసో సోదరులు తీసిన 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' ఆ లెక్క అడిగింది. లేగోస్‌లో జనం మధ్య జరగబోయిన పేలుడును సూపర్‌హీరోల జట్టు అవెంజర్స్‌లోని వాండా పైకి మళ్లిస్తే, అది పక్క భవనాన్ని తాకుతుంది. సహాయ కార్యక్రమాల కోసం వచ్చిన వకాండా దేశ పౌరులు చనిపోతారు. తర్వాత 117 దేశాలు ఒప్పందం రాసి తెస్తాయి. అవెంజర్స్ ఇకపై ఐక్యరాజ్యసమితి కమిటీ చెబితేనే కదలాలి.

యుద్ధానికి ముందు రాయబారం ఎంత రక్తి కట్టాలో పద్యనాటకాలు చూసిన మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ ఘట్టం ఒక గదిలో, ఒప్పందం కాగితాల చుట్టూ నడుస్తుంది. అవెంజర్స్‌లో ఒకడైన టోనీ సంతకానికి సిద్ధం. తాను సృష్టించిన అల్ట్రాన్ అనే యంత్రం సొకోవియాను ఎలా నాశనం చేసిందో అతడు చూశాడు. అక్కడ కొడుకును పోగొట్టుకున్న తల్లి అతణ్ణి నిలదీసింది కూడా. కెప్టెన్ అమెరికా అయిన స్టీవ్ ఒప్పుకోడు. తాను నమ్మి పనిచేసిన షీల్డ్ సంస్థ నిండా శత్రుసంస్థ హైడ్రా మనుషులే ఉన్నారని తెలిసినవాడు, ఇంకో కమిటీకి తలవంచడం కష్టం. ఇది మార్వెల్ వరుసలో 13వ చిత్రం. పాత కథల్లో తగిలిన గాయాలే ఇక్కడ వాదనలయ్యాయి. అందుకే ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే న్యాయం అనిపిస్తుంది. ఏళ్ల తరబడి సాగే కథల పద్ధతికి ఇంతకంటే మంచి ప్రయోజనం నేను చూడలేదు.

లైప్‌జిగ్ విమానాశ్రయంలో ఆ విభేదం పోరాటంగా మారుతుంది: ఆరుగురు అటు, ఆరుగురు ఇటు. గెలవాలని ఉంది, ఎదుటివాణ్ణి చంపాలని లేదు. ప్రతి దెబ్బలోనూ ఆ మొహమాటం కనిపించేలా పోరాటాన్ని అల్లారు. టోనీ పక్షాన ఉన్న నటాషా చివరికి స్టీవ్‌కే దారి వదులుతుంది. విజన్ గురి తప్పి సొంత పక్షంలోని రోడ్స్‌ను కూల్చేస్తాడు. రోడ్స్ కాళ్లు చచ్చుబడతాయి. అప్పటిదాకా ఉన్న ఉల్లాసం ఒక్కసారిగా చల్లారిపోతుంది.

అక్కడి నుంచి కథ కుంచించుకుపోతుంది. పన్నెండు మంది పోరు సైబీరియాలో ముగ్గురిదవుతుంది: టోనీ, స్టీవ్, స్టీవ్ పాత మిత్రుడు బకీ. టోనీ తల్లిదండ్రులను 1991లో చంపింది బకీ. అప్పుడు అతడి మనసు హైడ్రా గుప్పిట్లో ఉంది. ఆ హత్య వెనక హైడ్రా ఉందని స్టీవ్‌కు ముందే తెలుసు, అయినా టోనీకి చెప్పలేదు. రాజకీయ ప్రశ్నను వదిలి పగలోకి జారిపోయారని కొందరు తప్పుపట్టవచ్చు. నాకలా తోచదు. జవాబుదారీతనం గురించి అంత వాదించిన ఇద్దరూ, తమ దాకా వచ్చేసరికి ఒకరు నిజం దాచారు, మరొకరు విచారణ లేకుండా చంపబోయారు. సినిమా ఆ ఇద్దరినీ వెనకేసుకురాలేదు. అయితే లేగోస్ మృతుల ఇళ్లకు కెమెరా ఒక్కసారైనా వెళ్లలేదు. అది నిజమైన లోటే.

జవాబు చెప్పింది వకాండాకు చెందిన టిచల్లా. వియన్నాలో జరిగిన పేలుడులో తండ్రిని పోగొట్టుకుని, బకీయే హంతకుడనుకుని సినిమా అంతా వెంటాడాడు. అసలు దోషి జీమో ఎదురుగా దొరికాడు. సొకోవియాలో కుటుంబాన్ని కోల్పోయి ఈ పన్నాగం పన్నినవాడతడు. టిచల్లా అతణ్ణి చంపడు, తనను తాను కాల్చుకోబోతే ఆపి చట్టానికి అప్పగిస్తాడు. తాను చంపాలనుకున్న బకీకి వకాండాలో ఆశ్రయమిస్తాడు.