కంప్యూటరును తుడిచి మరల సిద్ధపరచుట

విండోస్ 10 కు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసినది. దానితో పాత కంప్యూటర్లలో విండోస్ 11 నో, లినక్సునో క్రొత్తగా నెలకొల్పుకొను అవసరము అనేకులకు కలిగినది. డిస్కులోని సమస్తమును తుడిచి ఆపరేటింగ్ సిస్టమును మొదటినుండి వేయుటను దుకాణములలో 'ఫార్మాటు కొట్టుట' అందురు. ఈ పని నేడు మిక్కిలి సులభమైనది. సులభమైనందుననే అజాగ్రత్తకు అవకాశము కూడ హెచ్చినది. ఇందులో యంత్రము చేయు పని ఎంత, మనిషికి వదలివేసిన పని ఎంత అనునది విండోస్ 11 ను వేయు విధానములో చక్కగా కనబడును.

మొదట దాని సుగుణములు చెప్పవలెను. 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి చాలును. ఒకే కంప్యూటరులో అదే తరగతి విండోస్‌ను మరల వేసినపుడు, డిజిటల్ లైసెన్సు ఆ యంత్రముతోనే ముడిపడి యుండుటచే, 25 అక్షరముల సంకేతమును వెదకు శ్రమ సాధారణముగ ఉండదు. ఏండ్ల తరబడి పేరుకొనిన చెత్త, పాత అమరికల చిక్కులు ఒక్కసారిగా తొలగిపోవును.

లోపమెల్ల హెచ్చరిక వచ్చు వేళలో నున్నది. 2024 లో వెలువడిన 24హెచ్2 రూపములో, ఫైళ్లు, అప్లికేషనులు, అమరికలు అన్నియు తొలగిపోవుటకు సమ్మతించినట్లు గుర్తు పెట్టనిదే పని ముందుకు సాగదు. మాట నిజాయితీగలదే. కాని అది కనబడునప్పటికి కంప్యూటరు పెన్‌డ్రైవుతో నడచుచుండును. పాత ఫైళ్లను తెరచి చూచుకొను వీలు ఆ తెరపై లేదు. పండుగకు ఇల్లు వెల్ల వేయువారు సామాను బయట పెట్టిన పిదపనే సున్నము కలుపుదురు. ఇచ్చట సున్నము కలిపి కుంచె చేతబట్టిన పిదప సామాను సంగతి అడుగుచున్నారు.

తరువాత వచ్చు డిస్కుల పట్టిక మరింత చిక్కైనది. యజమాని ఎరిగినవి సి, డి అను అక్షరములు. పట్టికలో కనబడునవి డిస్కు సంఖ్య, భాగము సంఖ్య, పరిమాణము వంటివి. ముందుగా పేరు పెట్టియున్నచో ఆ పేరును కనబడవచ్చును. 'డి లో దాచినది పోదు' అని పలువురు నమ్ముదురు. సి భాగమును మాత్రమే ఫార్మాటు చేసినపుడు అది నిజము. అన్ని భాగములను తొలగించుమను సలహాను పాటించినచో, అదే డిస్కులోని డి కూడ పోవును. పాత హార్డుడిస్కులో పోయినది కొంతవరకు తిరిగి దొరకవచ్చును. సాలిడ్ స్టేట్ డ్రైవులో ఆ ఆశ బహు స్వల్పము.

తెలుగువారికి మరియొక నష్టము కలదు. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు చేరినను, ముద్రణాలయములలో అను వంటి ఫాంట్ల వాడుక చాలకాలము సాగినది. వాటిలో తెలుగు అక్షర రూపములు రోమను అక్షరముల స్థానములలో కూర్చబడి యుండును. పుస్తకము ఫైలును భద్రపరచి ఫాంటును మరచినచో, తెరచినపుడు అర్థములేని రోమను అక్షరములే కనబడును. ఫాంట్లు డాక్యుమెంట్స్ ఫోల్డరులో నుండవు. తరచుగా విండోస్ ఫోల్డరులో నుండును. 'మీ ఫైళ్లను భద్రపరచుకొనుడు' అను సామాన్య సలహా ఈ సంగతిని చెప్పదు.

ఫైళ్లను నిలుపుదుమను పద్ధతులనైనను పూర్తిగా నమ్మరాదు. 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 నవీకరణ కొందరి డాక్యుమెంట్లను చెరిపివేయగా, మైక్రోసాఫ్టు దానిని నిలిపి, సరిదిద్ది, నవంబరులో మరల విడుదల చేసినది. డాక్యుమెంట్స్ ఫోల్డరును వేరొక చోటికి మళ్లించుకొన్నవారి పాత ఫోల్డరును, అందులో ఫైళ్లు మిగిలియున్నను, అది తొలగించుటయే కారణము. యంత్రమునకు వెలుపల మరియొక ప్రతి లేనివారు ఎంత నష్టపోవుదురో ఈ సంఘటన తెలిపినది.

క్రొత్త సిస్టము వేసిన పిదప కూడ ఒక ముడి కలదు. 24హెచ్2 ను క్రొత్తగా వేసి మైక్రోసాఫ్టు ఖాతాతో ప్రవేశించినచో, తగిన యంత్రములలో డిస్కు తనంతట సంకేతబద్ధమగును. దొంగలనుండి ఇది మంచి రక్షణయే. అయితే మరమ్మతు వేళ 48 అంకెల సంఖ్యను అడిగినపుడు, అది ఖాతాలో నుండునని ఎరుగని యజమానియే బయట నిలువవలసి వచ్చును.

ఈ లోపములకు మందు దూరమున లేదు. పెన్‌డ్రైవును సిద్ధముచేయు సాధనము సాధారణముగా పాత విండోస్‌లోనే నడచును. అప్పటికి అన్ని ఫైళ్లు, ఫాంట్లు, డిస్కుల పేర్లు కంటికెదుటనే యున్నవి. ఏ భాగములో ఏమున్నది, బయట ప్రతి యున్నదా అని ఆ సాధనమే అడిగి, జాబితా చేసి చూపినచో హెచ్చరిక తగిన వేళకు వచ్చినట్లగును. సిస్టమును ఎన్నిసార్లయినను మరల తెచ్చుకొనవచ్చును. యజమాని వ్రాసినది, తీసిన ఛాయాచిత్రము మరల రావు. ఈ భేదమును గుర్తింపని విధానము ఎంత వేగముగా సాగినను అసంపూర్ణమే.

సాధనము మారువరకు ఆ జాబితా యజమానియే కాగితముపై వ్రాసికొనవలెను. ఫైళ్లు, ఫాంట్లు, పాస్‌వర్డులు, వైఫై డ్రైవరు బయటి డిస్కులోనికి చేరవలెను. ఆ డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి, నాలుగు ఫైళ్లు తెరచి చూడవలెను. అవి సరిగా తెరచుకొనిన పిదపనే పెన్‌డ్రైవును చేతబట్టుట శ్రేయస్కరము.