స్లో నిలవని బండి

"అన్నా, బండి స్లో నిలుస్తలేదు." గోదావరిఖనిలో ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. రాజీవ్ రహదారి మీద అరవైలో పోతుంటే బండికి ఏ రోగమూ కనపడదు. గాంధీ చౌరస్తాలో ఆటో వెనక క్లచ్ పట్టుకుని ఆగగానే మొదలవుతుంది. ఇంజిన్ వణుకుతుంది, రెండు మూడు దెబ్బలు తప్పుతుంది, రేజ్ ఇచ్చేలోపే ఆగిపోతుంది. నడిపేవాళ్లలో చాలామంది చేసే వైద్యం ఒక్కటే, ఆగిన చోటల్లా ఎక్సలేటర్ తిప్పుతూ ఉండటం. దాంతో పెట్రోలు పోతుంది గానీ జబ్బు పోదు.

బోరు చేయించడం, పిస్టన్ మార్చడం చూడటానికి పెద్ద పనులు. వాటికి కొలతలున్నాయి, పుస్తకాలున్నాయి, పాతది తీసి కొత్తది వేస్తే అయిపోతుంది. మెకానిక్ అసలు పనితనం తెలిసేది ఈ చిన్న జబ్బు దగ్గరే అని నా నమ్మకం. ఎందుకంటే దీనికి కారణం ఒకటి కాదు. గాలి, పెట్రోలు, నిప్పు, కంప్రెషన్ అనే నాలుగింటిలో ఏది కాస్త తేడా చేసినా ముందు చెడేది స్లోనే. వేగంలో ఇంజిన్ ఆ లోపాన్ని కప్పిపెట్టుకుంటుంది. నిదానంలో దాచుకోవడానికి దానికి బలం ఉండదు.

గోదావరిఖని సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం, ఇక్కడ బండి షిఫ్టును బట్టి బతుకుతుంది. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. మస్టర్, అంటే హాజరు, పడాలంటే ఆ వేళకు గని మీద ఉండాలి, అంటే బండి తొలి కిక్కుకే అందుకోవాలి. ఎయిటింక్లైన్ కాలనీలోనైనా, సెంటినరీ కాలనీలోనైనా క్వార్టరు ముందు మోటార్‌సైకిల్ సోకు కోసం ఉన్న వస్తువు కాదు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఈ ప్రాంతానికి అతికినట్టు సరిపోయాయి. మైలేజీ, తేలిక, ఎవరైనా విప్పగల ఇంజిన్. దసరా ముందు కంపెనీ లాభాల వాటా చేతికొస్తే కొత్త బండి మాట ఇంట్లోకి వస్తుంది, పాతది కొడుక్కో బామ్మర్దికో పోతుంది. అట్లా చేతులు మారిన పాత బండ్లే షెడ్లను పోషిస్తున్నాయి.

ఇక్కడి గాలి కూడా షెడ్లకు పని పెడుతూనే ఉంటుంది. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్లు, ఓపెన్‌కాస్టుల బొగ్గు కోసం తవ్వి పోసిన ఓబీ మట్టి, ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు దిక్కు పోతే కుందనపల్లి బూడిద చెరువు నుంచి లేచే బూడిద. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊళ్లో, గని స్టాండులో షిఫ్టు అయ్యేదాకా ఎనిమిది గంటలు ఎండకు నిలబడే బండ్లు ఇక్కడివి. ఫిల్టర్ పూడితే గాలి తగ్గి, పెట్రోలు పాలు ఎక్కువై ప్లగ్గు మసిబారుతుంది. పాత బండ్లలో ఉండే స్పాంజి ఫిల్టర్‌ను కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, నాలుగు చుక్కల ఆయిల్ పట్టించి వేయొచ్చు. కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, మార్చాల్సిందే. పికప్ వస్తుందని ఫిల్టరే పీకేసి తిరిగే కుర్రాళ్లున్నారు. ఈ దుమ్ములో అది రింగులను సానబట్టించడమే.

ఇక అసలు సంగతికి వస్తే, కార్బొరేటర్‌లో పెట్రోలుకు రెండు దారులున్నాయి. ఎక్సలేటర్ బాగా తిప్పినప్పుడు స్లైడు పైకి లేచి, నీడిల్ పక్కనుంచి మెయిన్ జెట్టు పెట్రోలు వస్తుంది. చెయ్యి వదిలేసినప్పుడు స్లైడు దాదాపు మూసుకుంటుంది. అప్పుడు ఇంజిన్ పీల్పుకు స్లైడు వెనకవైపు ఉన్న సన్నటి రంధ్రం గుండా స్లో జెట్టు పెట్రోలు మాత్రమే వస్తుంది. అందుకే అరవైలో బాగుండి ఆగినప్పుడు చెడే బండిలో మెయిన్ జెట్టు విప్పి చూడటం దండగ. ఎక్సలేటర్ ఎనిమిదో వంతు తిప్పేదాకా బండి బాధ్యత చాలావరకు ఆ రెండో దారిదే.

ఆ స్లో జెట్టును ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడాలి. చిటికెన వేలి గోరంత పొడవున్న ఇత్తడి ముక్క. తల మీద స్క్రూడ్రైవర్ గాటు, ఒంటి మీద సూది పోటుల్లాంటి అడ్డ రంధ్రాలు, మధ్యలో నిలువునా ఒక దారి. కీహిన్ కంపెనీ జెట్టు మీద 35 అని ఉంటే ఆ రంధ్రం 0.35 మిల్లీమీటర్లు అని అర్థం. వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తే చుక్కంత గుండ్రటి వెలుతురు కనపడాలి. అది అర్ధచంద్రంలా కనపడినా, అంచు మసకగా ఉన్నా లోపల పెట్రోలు జిగురు పేరుకున్నట్టే. దాన్ని గుండుసూదితోనో ఇనుప తీగతోనో పొడిచేవాడిని వెంటనే ఆపండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు మార్చేదాకా బండి సరిగ్గా స్లో నిలవదు. తెలిసినవాళ్లు కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి వాడతారు. ఇంకా తెలిసినవాళ్లు నానబెట్టి గాలి కొట్టి వదిలేస్తారు.

కొన్నేళ్లుగా ఈ జెట్టుకు కొత్త శత్రువు తోడైంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతం దాకా వచ్చింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతాయి. కార్బొరేటర్ గిన్నెలో స్లో జెట్టు మూతి మునిగి ఉండేదీ అడుగుకు దగ్గర్లోనే. అందుకే గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చిన పెట్రోలును తెల్ల గాజు సీసాలో పట్టి రెండు నిమిషాలు నిలబెట్టడం మంచి మెకానిక్ తొలి పనుల్లో ఒకటి. అడుగున గుండ్రటి బొట్లో, ఒక గీతలాంటి పొరో కనపడితే జబ్బు టాంకులో ఉన్నట్టు. ఎంత ట్యూనింగ్ చేసినా మూడు రోజులకు మళ్లీ వస్తుంది. పైగా ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత పెట్రోలుకు కుదిర్చిన కార్బొరేటర్ కొత్త పెట్రోలుతో కొంచెం పలచగా, అంటే గాలి ఎక్కువై నడుస్తుంది. పాత బండ్లు ఈమధ్య ఉన్నట్టుండి స్లో తప్పడానికి ఇదీ ఒక కారణం.

పాతకాలపు ఉస్తాద్‌ల దగ్గర నేర్చుకోవాల్సింది చెవి విద్య అని అందరూ అంటారు. నాకైతే చెవి కంటే వాళ్లు పాటించే వరస గొప్పదనిపిస్తుంది. పానా పట్టకముందే ప్రశ్నలు మొదలవుతాయి. ఎప్పటి సంది? పొద్దున లేవంగనే ఆగుతుందా, వేడెక్కినంక ఆగుతుందా? నీళ్ల సర్వీసు చేయించినవా? పెట్రోలు ఎక్కడ పోయించినవ్? ఎవరన్నా స్క్రూ తిప్పిన్రా? చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడే జనం నేల చూపులు చూస్తారు. నిన్న కడిగిన బండి ఇవాళ తప్పుతుంటే కార్బొరేటర్ జోలికి పోకుండా ముందు ప్లగ్గు క్యాపు లాగి చెమ్మ చూస్తారు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఆగితే ట్యాపెట్ల మీదికి అనుమానం పోతుంది.

తరువాత చోక్ పరీక్ష. ఇంజిన్ వేడి మీద ఉండగా చోక్ సగం లాగుతారు. వణికే ఇంజిన్ నిదానిస్తే పెట్రోలు చాలడం లేదన్నమాట, జెట్టు పూడి అయినా ఉండాలి, ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతూ అయినా ఉండాలి. ఇంకా ముక్కుతూ ఆగిపోతే పెట్రోలు ముందే ఎక్కువైంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష వెతకాల్సిన దారుల్లో సగాన్ని మూసేస్తుంది. ఆ పైన అరచేయి సైలెన్సర్ మూతికి జానెడు దూరంలో పెట్టి ఊపిరి లెక్కపెడతారు. దెబ్బలు ఒకే ఎడంతో తగలాలి. ఎక్సలేటర్ ఉన్నట్టుండి వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటప పేలితే గాలి ఎక్కువైనట్టు.

వినడం ఈ నేలకు కొత్త కాదు. గనిలో దిగినవాళ్లు పని మొదలుపెట్టే ముందు కప్పును కర్రతో తట్టి వింటారు. గట్టి చప్పుడొస్తే సరే, డొల్ల చప్పుడొస్తే అక్కడ కప్పు వదులైంది, దాన్ని దించాకే ముందుకు అడుగు. షెడ్డులో తప్పు వింటే బండి ఆగుతుంది, గనిలో తప్పు వింటే మనిషే దక్కడు. రెంటినీ సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కానీ వినకుండా చెయ్యి వేయకూడదనే క్రమశిక్షణ మాత్రం ఒక్కటే.

ట్యాపెట్ల దగ్గర ఈ వినడం తలకిందులుగా పని చేస్తుంది. ఇంజిన్ నుంచి టిక్‌టిక్ చప్పుడు వస్తోందని, అది లేకుండా చేయమని గిరాకీలు పట్టుబడతారు. మెకానిక్ వాళ్ల ముచ్చట తీర్చడానికి వాల్వుకూ ట్యాపెట్ స్క్రూకూ మధ్య సందు బిగిస్తాడు. చప్పుడు పోతుంది, గిరాకీ సంతోషంగా పోతాడు. ఇంజిన్ వేడెక్కి లోహం వ్యాకోచించాక ఆ కాస్త సందు కూడా పోయి వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ కారిపోతుంది, ముందు స్లో పోతుంది. అలాగే తిప్పితే వాల్వు అంచు కాలుతుంది. వంద సీసీ బండ్లలో ఆ సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్‌తో చూడాల్సిన కొలత ఇది. సన్నటి టిక్‌టిక్ ఆరోగ్యమే. ఏ చప్పుడూ లేని ట్యాపెట్‌నే అనుమానించాలి.

దొంగ గాలిని పట్టడం ఇంకో పని. కార్బొరేటర్‌కు, హెడ్డుకు మధ్య హీట్ ప్యాకింగ్, రబ్బరు ఓరింగు ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండకు, వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లు తేలుతుంది, అక్కడినుంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. గుర్తు ఏమిటంటే, ఎక్సలేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంది. స్లో నడుస్తుండగా ఆ అతుకు మీద సబ్బు నీళ్లు చల్లితే, నీళ్లు సందును మూసినంతసేపు ఇంజిన్ శబ్దం మారుతుంది. కొందరు ఇదే పనికి పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లేవాడి పక్కన నిలబడకండి.

ఇవన్నీ అయ్యాకే స్క్రూ. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు, ఎందుకంటే బయటికి కనపడేది అదొక్కటే. ముందు ఎయిర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ అడుగు తగిలేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టుకోవాలి. బిగించకూడదు, మొన అరుగుతుంది. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి. స్క్రూ కార్బొరేటర్‌కు ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని కొలిచేది, విప్పితే మిశ్రమం పలచన అవుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలును కొలిచేది, విప్పితే చిక్కన అవుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పేవాడు జబ్బును రెట్టింపు చేసి పంపుతాడు. బండిని నాలుగైదు కిలోమీటర్లు తిప్పి పూర్తిగా వేడెక్కించాక, స్లో స్టాప్ స్క్రూతో వేగం కాస్త పెంచి, ఎయిర్ స్క్రూను పావు చుట్టు తిప్పి ఆగాలి. ఇంజిన్ జవాబు చెప్పడానికి కొన్ని క్షణాలు పడుతుంది, తొందరపడేవాడికి ఆ జవాబు వినపడదు. శబ్దం అన్నిటికంటే ఎత్తుకు పోయి, నిండుగా, ఒకే తీరుగా కొట్టే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ వదిలి, స్టాప్ స్క్రూతో వేగం దించి, మళ్లీ పావు చుట్టు ఇటూ అటూ. స్ప్లెండర్ లాంటి బండికి నిమిషానికి 1400 చుట్లు ఉజ్జాయింపుగా సరిపోతుంది. మీటరు లేకపోయినా పాత హీరో హోండాల్లో హెడ్‌లైటే మీటరు. బ్యాటరీతో పని లేకుండా ఇంజిన్ నుంచే వెలిగే ఆ లైటు స్లోలో ఊగితే ఇంజిన్ ఊగుతున్నట్టే. చివరగా ఒక్కసారి రేజ్ ఇచ్చి వదిలితే వేగం దిగి తిన్నగా తన చోట నిలవాలి. కిందికి మునిగి పైకి తేలితే ఇంకా చిక్కన. పైన వేలాడితే పలచన.

1996లో తయారీ ఆగిన యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్ల సంగతి వేరు. వాటి స్లో పుట్టుకతోనే తడబడుతుంది. దాన్ని స్ప్లెండర్ లాగా నిలబెట్టమని అడిగేవాళ్లకు దండం పెట్టడమే.

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు పోయి ఇంజెక్షన్ వచ్చింది. తిప్పడానికి స్క్రూ లేదు, స్లోను కంప్యూటరే చూసుకుంటుంది. ఇక ఈ విద్యకు కాలం చెల్లిందని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. ప్లగ్గు ఉంది, ట్యాపెట్లు ఉన్నాయి, ఫిల్టర్ ఉంది, దొంగ గాలి దూరే రబ్బరు ఉంది, అడుగున నీళ్లు చేరే టాంకు ఉంది. జెట్టు పోయి ఇంజెక్టర్ వచ్చింది, స్లైడు పోయి మసి పట్టే థ్రాటిల్ బాడీ వచ్చింది. మీటరులో వెలిగే ఇంజిన్ లైటు ఒక కోడ్ చెబుతుంది. అది ఏ సెన్సార్ ఫిర్యాదు చేస్తోందో చెబుతుంది గానీ, ఆ ఫిర్యాదు ఎందుకొచ్చిందో చెప్పదు. గాలి లీకైనా ఆక్సిజన్ సెన్సార్ మీదే నేరం పడుతుంది. వరస తెలియనివాడు వేల రూపాయల సెన్సార్ మార్చి, పాత ఓరింగును అలాగే వదిలేస్తాడు.

ఈ విద్యను పొగిడేటప్పుడు దాని చీకటి కోణాన్ని దాచకూడదు. నేటి ఉస్తాద్‌లలో చాలామంది పదేళ్లు నిండీ నిండకముందే బడి మాని, కిరోసిన్ డబ్బాలో పార్టులు కడుగుతూ నేర్చుకున్నవాళ్లు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2016 చట్ట సవరణ దాదాపు పూర్తిగా నిషేధించింది, అది న్యాయమే. అయితే షెడ్డులో చేతి నుంచి చేతికి వచ్చిన జ్ఞానం మరో దారిలో అందాలి. ఐటీఐల్లో టూవీలర్ పాఠం చెప్పేవాళ్లు ముప్పై ఏళ్ల అనుభవమున్న ఒక మెకానిక్‌ను వారానికి ఒక పూటైనా పిలిపించి, డిగ్రీ అడగకుండా గౌరవ వేతనం ఇచ్చి, ఒక పాడైన బండిని మధ్యలో పెట్టి మాట్లాడించాలి. పెద్ద ఖర్చు కూడా కాదు.

గిరాకీగా మీరు చేయగలిగింది కూడా ఉంది. షెడ్డుకు పోయేటప్పుడు బండిని కాస్త దూరం తిప్పి వేడిగా తీసుకుపోండి, ట్యాపెట్ల పనైతే మాత్రం రాత్రే వదిలి చల్లారనివ్వండి. స్క్రూ మీరు తిప్పి ఉంటే ఆ మాట ముందే చెప్పేయండి. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నేరుగా స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చే మెకానిక్ ఎదురైతే, బండి తీసుకుని పక్క షెడ్డుకు పోండి.