ఎండకు జేజే, తీగకు దండం

ఓ రాయలసీమ ఎండా! ఈ నేల మీద నిన్ను తిట్టని నోరు లేదు. చేనికి చేను మాడ్చావు, చెరువులు తాగేశావు, బోర్లు అడుగంటించావు. ఇవాళ నిన్నే పిలిచి పీట వేస్తున్నాం. కర్నూలు చెంత గని, శకునాల ఊళ్ల చుట్టూ పరిచిన నల్లటి సోలార్ పలకల మీద కూర్చో తల్లీ! దాదాపు ఆరు వేల ఎకరాలు, వెయ్యి మెగావాట్లు. 2017 నాటికే నీకు సిద్ధమైన సింహాసనమది.

నీ కొలువు తేలికైనదేం కాదు. దుమ్ము ఒక పొర పేరితే పలక చూపు మందగిస్తుంది. పిట్ట రెట్ట పడి ఎండ అందని చోట వేడి పుట్టి మచ్చ తేలుతుంది. కాగిన అద్దం మీద చన్నీళ్లు పడితే చిట్లుతుందని, నువ్వు లేవకముందే నీళ్లు, పొడుగు కర్రల బ్రష్షులు పట్టుకుని వరసల వెంట నడుస్తారు మనుషులు. నీకు అసలైన సుప్రభాతం వాళ్ల అడుగుల చప్పుడే.

ఓ గాలీ! మబ్బు కమ్మి ఎండ మొహం చాటేసే ఆషాఢ శ్రావణాల్లోనే నీకు పూనకం వస్తుంది. రామగిరి కొండల మీద, తమిళనాట ముప్పందల్ కనుమ దగ్గర మరలన్నీ నీ రాకకే మొహం తిప్పి నిలబడతాయి. ఒకరు సెలవు పెడితే ఒకరు పనిలోకి దిగే మీ వంతుల ఒప్పందం చల్లగా ఉండాలి!

అయినా సాయంత్రం ఆరు గంటలన్నది ఒకటుంది. ఎండ దిగిపోతుంది, ఇంటింటా స్విచ్చి పడుతుంది. మధ్యాహ్నం మిగిలి, రాత్రికి కరువయ్యే కరెంటుతో వేగడం కత్తిమీద సామే. అక్కడ నిన్ను తలుచుకుంటాం, ఓ నీరా! పాణ్యం మండలం పిన్నాపురంలో పైన ఒక జలాశయం, కింద ఒకటి. పగలు మిగులు కరెంటుతో నిన్ను పైకి తోస్తారు. పొద్దు వాలాక కిందికి వదులుతారు. ఎక్కించేటప్పుడు పంపైన చక్రమే, దిగేటప్పుడు అటు నుంచి ఇటు తిరిగి టర్బైన్ అవుతుంది. 1680 మెగావాట్ల ఈ పథకంలో నీటి ఆవిరి నష్టం పూడ్చుకోవడమే తప్ప ఏటి ప్రవాహంతో రోజువారీ పని లేదు. ఎక్కించడానికి నూరు పాళ్లు ఖర్చయితే తిరిగొచ్చేది ఎనభైకి అటూ ఇటూ. కోతకోసిన ధాన్యాన్ని గాదెలో పోస్తే పురుగుకు కొంత పోదా? నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు ఈ విద్య ఎప్పుడో నేర్చాయి.

ఇక నీకు దండం, ఓ తీగా! నిన్ను పొగిడే కవి లేడు. ఎండ కాసేది రాజస్థాన్ భడ్లాలో, గుజరాత్ ఖావ్డా ఉప్పు మైదానాల్లో. కరెంటు కావాల్సింది ఎక్కడో నగరాల్లో. నువ్వు లేకుంటే అక్కడి వెలుగు అక్కడే వృథా. 2012 జూలైలో నువ్వు బరువు మోయలేక కుప్పకూలితే ఉత్తరాదిలో కోట్లాది ఇళ్లు చీకటైపోయాయి. 2013 ఆఖరి రోజున రాయచూర్–సోలాపూర్ లైను మీదుగా దక్షిణాది కూడా దేశం తీగతో ముడిపడింది. అప్పటి నుంచి కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా ఒకే లయ, సెకనుకు 50 సార్లు.

ఈ లయలో అపస్వరాలూ వినాలి. బట్టమేక పిట్టకు ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు. వచ్చి తీగకు కొట్టుకుంటుంది. రాజస్థాన్ ఎడారిలో ఆ పిట్ట కోసం 2021లో సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం నడిచింది. ఒకప్పుడు అది తిరుగాడిన మన రోళ్లపాడు కూడా ఈ సోలార్ సీమకు దూరమేం కాదు. కర్ణాటక పావగడలో తెలుగు వినిపించే పల్లెల్లో సోలార్ పలకల కోసం పదమూడు వేల ఎకరాలను రైతుల నుంచి కొనకుండా కౌలుకు తీసుకున్నారు. పొలం ఉన్నవాడికి ఏటా డబ్బు ముట్టింది. ఆ పొలంలో కూలికి పోయినవాడికి, గొర్రెలు మేపుకున్నవాడికి ఏం ముట్టింది?

2014లో మూడు గిగావాట్లు కూడా లేని సౌరశక్తి 2025 జనవరికి నూరు దాటింది. అదే ఏడాది జూన్‌కు దేశపు విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, గ్యాసులతో పనిలేనిదైంది. 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని అయిదేళ్ల ముందే కొట్టాం. సంబరమే! కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. మన ఇళ్లలో వెలిగే దీపాల్లో ఎక్కువ ఇప్పటికీ బొగ్గుతోనే వెలుగుతున్నాయి. ఆ తేడాను పూడ్చేది పలకలు ఒక్కటే కాదు, పైన నిలబెట్టిన నీరు, బ్యాటరీ, తీగ.

అర్ధరాత్రి కరెంటు వచ్చిందని మోటారు వేయబోయి పాముకాటుకు బలైన రైతులెందరో ఈ నేల మీద. పగటి కరెంటు వాళ్లకు ప్రాణం నిలిపే వరం. సోలార్ పార్కుకు భూమి ఇచ్చిన ఊరికి, ఆ భూమి మీద బతికిన కూలికి, కాపరికి ఆ వరంలో వాటా రాసిపెట్టాలి. మెగావాట్ల లెక్క చెప్పేవాళ్లు ఎప్పుడొచ్చినా, ఈ వాటా లెక్క ముందు అడగండి.