ఎయిర్ బ్యాగు మరమ్మతు: కారణము చెప్పని సూచనలు

ఎయిర్ బ్యాగును గూర్చి విద్యార్థులకై వ్రాయబడు వ్యాసములలో సాధారణముగా ఒకే విషయము కనిపించును: సోడియం అజైడు విఘటనము చెంది నత్రజనిని వెలువరించును, సంచి ఉబ్బును. రసాయనశాస్త్ర దృష్టిలో ఇది సరియే. కాని 1990ల నుండి తయారీదారులు అజైడును క్రమముగా విడిచి, గ్వానిడిన్ నైట్రేటు వంటి పదార్థములను వాడుచున్నారు. మన పాఠము మాత్రము ముందుకు సాగలేదు.

మరమ్మతు సూచనలలోని లోపము ఇంతకన్న పెద్దది. అవి చెప్పు నియమములు మంచివే, కారణములే కొరవడినవి. "బ్యాటరీ తీగ విప్పి కొంతసేపు ఆగవలెను" అందురు. బ్యాటరీ విప్పిన పిమ్మట ఆగుట ఎందులకు? ప్రమాదములో బ్యాటరీ తెగిపోయినను సంచి తెరచుకొనుటకై, నియంత్రణ పెట్టెలోని కెపాసిటర్లు విద్యుదావేశమును నిలువ ఉంచును. అది తగ్గువరకు ఆగవలెను. ఎంతసేపు అనుటకు ఆ కారు తయారీదారు చెప్పినదే ప్రమాణము. ఈ రెండు మాటలు చేర్చినచో, తొందరలో నున్న మెకానిక్కు సయితము ఓపిక పట్టును.

"ఓమ్ మీటరుతో సంచిని పరీక్షింపరాదు" అనునదియు ఇట్టిదే. సంచిని రగిలించు సన్నని తీగ వేడెక్కుటకు స్వల్ప విద్యుత్తు చాలును; మీటరు పంపు విద్యుత్తే ప్రమాదము కావచ్చును. విప్పిన సంచిని బల్లపై మూత పైకి ఉండునట్లే పెట్టవలెను. బోర్లించినచో, అది పేలినపుడు న్యూటను మూడవ నియమము ననుసరించి బరువైన లోహభాగము పైకెగురును.

హెచ్చరిక దీపమును గూర్చి ఈ సూచనలు చెప్పునది మరియు తక్కువ. పేలిన సంచి స్థానమున కొత్తది పెట్టక, కొందరు చిన్న నిరోధకమును కలిపి దీపమును ఆర్పివేయుదురు. నిరోధము సరిపోవుటచే నియంత్రణ పెట్టె మోసపోవును. దీపము ఆరినది, కాని సంచి లేదు! ఆ సంగతి కారు యజమానికి తెలియునది ప్రమాద సమయముననే.

2019 జూలై 1 నుండి మనదేశమున కొత్త కార్లకు డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగు తప్పనిసరియైనది. కనుక ఈ పనికి పూనుకొను చేతులును పెరుగుచున్నవి. ఆవేశము, నిరోధము, చర్య ప్రతిచర్యలు మన భౌతికశాస్త్ర పాఠములే. ఉపాధ్యాయులు ఈ నియమములను వానితో జోడించి నల్లబల్లపై బోధింపవచ్చును. నిజమైన సంచిని మాత్రము తరగతికి తేరాదు.