ఇసుకతిన్నెపై చలిది

మాఘమాసమున గోదావరి తేటపడి, పాపికొండల దిగువ ఇసుకతిన్నెలు బయటపడినప్పుడు, గుడారము వేసికొని రెండు రాత్రులు గడపుటకై భీమవరమునుండి బయలుదేరు ప్రతిపర్యాయమును, దుప్పట్లకన్నను లాంతరుకన్నను ముందుగా నా మనస్సును పట్టుకొనునది అన్నపు మూటయే. తొలి ప్రయాణమున అప్పుడే కలిపిన పులిహోరను పొగలు తగ్గకముందే స్టీలు క్యారియరులో బిగించితిని. మధ్యాహ్నము మూత తీయగా దాని లోపల చెమట బిందువులు, మెతుకుల నడుమ సాగుచున్న సన్నని తీగలు! ఆకలిగొన్న పిల్లల యెదుట ఆ యన్నమును ఇసుకలో పూడ్చిపెట్టిన క్షణము నేటికిని నన్ను బాధించుచున్నది.

"ఆవిరి పోకుండా మూతెట్టకూడదురా అబ్బాయ్" అని మా మేనత్త తిరిగివచ్చిన నాడు మందలించెను. ఆమె అన్నమును పలుకుగా వండి, వెడల్పు పళ్లెమున పరచి, పసుపును నువ్వులనూనెయు కలిపి ఆరనిచ్చును. చింతపండు గుజ్జును నూనె పైకి తేలువరకు ఉడికించి, అదియు చల్లారిన పిదపనే, తడి సోకని గరిటెతో మెతుకు విరుగకుండ కలిపి, సెగ చూపి మెత్తబరచిన అరటియాకులో పొట్లము కట్టును. ఉడికినను చావని సూక్ష్మజీవబీజములు బియ్యమున నుండుననియు, వెచ్చని తడిలో అవి మరల మేల్కొనుననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వాటిని పులుపు అడ్డగించును, ఆరబెట్టుట వాటి వెచ్చదనమును హరించును. ఇక దధ్యోదనమునకు ఆమె పెరుగు విస్తారముగా పోయదు. పాలతో మెత్తగా కలిపిన యన్నమున చెంచాడు పెరుగు మాత్రమే వేయును. దారిలోనే అది తోడుకొని, తిను వేళకు పులియక కమ్మగా నుండును. పోతన గోపబాలుర నడుమ కూర్చున్న కృష్ణుని చేత పెరుగన్నపు ముద్దను, వ్రేళ్ళసందున ఊరగాయలను పెట్టుట ఊరక కాదని ఆ రుచి యెరిగిన నాడు తోచినది.

రెండవ దినమునకు మాత్రము మంచు కావలయును. ఈ విద్యలో మాకు గురువులు చేపల ప్యాకింగు పనివారు: నలిపిన ఐసు ఒక పొర, దానిపై చేపలు, మరల ఐసు, ఇట్లు పెట్టెలు నింపి హౌరా దాకా లారీలలో పంపుదురు. కరగిన నీరు పెట్టెలో నిలువరాదని వారే నాకు నేర్పిరి. అయితే నేను నలిపిన ఐసు కొనను. దిమ్మకు గాలి సోకు పైభాగము తక్కువ గనుక అది నిదానముగా కరగును. దానిచుట్టు ధాన్యపు ఊక పోసి గోనెసంచి చుట్టి, థర్మోకోలు పెట్టెలో పచ్చిరొయ్యల డబ్బా ప్రక్కన పెట్టుదును. ట్యూడరను అమెరికా వర్తకుడు రంపపుపొట్టులో మంచును పొదిగి సముద్రములు దాటించినదియు ఈ యుపాయముతోనే. ఆ మంచు నిలువ చేయుటకు 1842లో చెన్నపట్టణపు తీరమున కట్టిన ఐస్ హౌస్ లోనే 1897లో వివేకానందస్వామి విడిసెను.

పోయిన మాఘమున, రెండవనాటి సాయంకాలము, నేను గోనె విప్పగా ఊక నడుమ కొబ్బరికాయంత మంచు ఇంకను మిగిలియుండెను. డబ్బా మూత తీసి ముక్కునకు దగ్గరగా పట్టితిని: ఏటినీటి వాసన తప్ప మరొకటి లేదు. రొయ్యలు వ్రేలికి బిగువుగా, చల్లగా తగిలినవి. అప్పటికే పిల్లలు మూడు రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించుచుండిరి.