నడినెత్తి చుక్క

సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్లేటప్పుడు ఎవరైనా కారులో కొత్త బట్టలు, స్వీటు పెట్టెలు సర్దుకుంటారు. నేను మూడేళ్లుగా టెలిస్కోపు సర్దుతున్నాను. వెనక సీట్లో దానికి బెల్టు పెట్టి మరీ కూర్చోబెడతాను. పిల్లలు మిగిలిన చోట ఇరుక్కుని కూర్చుంటారు. ఈ విషయంలో మా ఆవిడ అభిప్రాయం పత్రికలో వేయదగ్గది కాదు.

ఆరంగుళాల అద్దం, మూడు కాళ్ల స్టాండు, మోటార్లు, ఒక బ్యాటరీ. వీటితోపాటు టీవీ రిమోట్ లాంటి హ్యాండ్ కంట్రోలర్ ఒకటి. అందులో ‘శని’ని ఎంచుకుని బటన్ నొక్కితే గొట్టం గుర్రుమంటూ తిరిగి శని ముందు ఆగుతుంది. నేను కొన్నదీ ఆ గుర్రు కోసమే. అయితే కరెంటు ఇచ్చిన మొదటి నిమిషంలో దానికి ఏమీ తెలియదన్న సంగతి డబ్బు కట్టేముందు నాకెవరూ చెప్పలేదు. వేల నక్షత్రాల జాబితా కడుపులో పెట్టుకుని కూడా తాను ఏ ఊళ్లో ఉందో, వేళ ఎంతయిందో, ఎటు తిరిగి నిలబడిందో ఎరగదు. అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము మనమే చెప్పాలి. ఆపైన రెండు నక్షత్రాలకు గురిపెట్టి, ఇది ఫలానా, అది ఫలానా అని పరిచయం చేయాలి. దీన్నే అలైన్‌మెంట్ అంటారు. అది కుదిరితే మిగతా ఆకాశమంతా తనే లెక్క కట్టుకుంటుంది. కుదరకపోతే ఎంతో ధీమాగా శూన్యాన్ని చూపిస్తుంది.

మొదటి ఏడాదంతా నేను శూన్యమే చూశాను.

ముందు అరగంట గొడవ. మన గడియారం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది కదా. నా కంట్రోలర్ మాత్రం ఐదు, ఆరు అని పూర్తి గంటలే లెక్కపెడుతుంది. ఆ ‘అర’ దానికి పట్టదు. అరగంటే కదా అని ఐదు దగ్గర ఆపేసి, చేతి గడియారంలో ఉన్న టైమే ఎక్కించాను. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అరగంటంటే ఏడున్నర డిగ్రీలు, పున్నమి చంద్రుళ్లను పక్కపక్కన పదిహేను పేర్చినంత. నా టెలిస్కోపులో ఒక్కసారికి కనిపించేది ఒకటిన్నర చంద్రుడి మేర. ఇక దొరికేదేముంది? ఐదు పెట్టినప్పుడు టైమును కూడా అరగంట వెనక్కి పెట్టాలన్న కిటుకు తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

తర్వాత తేదీ. అది అమెరికా వరసలో అడుగుతుంది, నెల ముందు, రోజు తర్వాత. ఒక జనవరి 5న మన అలవాటు చొప్పున 05, 01 అని కొట్టాను. మే 1 అనుకుంది. రోహిణి చూపించమంటే, క్షితిజం కింద ఉంది, కుదరదంది. తలెత్తితే రోహిణి ఎర్రగా నా ఎదుటే ఉంది. తప్పు దానిది కాదు, మే 1 రాత్రి ఆ వేళకు రోహిణి నిజంగానే అస్తమించి ఉంటుంది.

ఈ రెండూ దాటాక నాకు చేయి తిరిగిందనే అనుకున్నాను, మొన్నటి పండగ రాత్రి వరకు.

అత్తగారి ఊరు గుడివాడ దగ్గర. హైదరాబాదులో మా డాబా మీద నుంచి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చుక్కలుంటే, ఇక్కడ ఆకాశం నిండా ఉంటాయి. కాకపోతే పండగ మూడు రోజులూ ఊరవతల కోడిపందేల బరి దగ్గర ఫ్లడ్‌లైట్లు వెలుగుతుంటాయి. ఆ పక్క ఆకాశాన్ని వదులుకోవాల్సిందే. మా బావమరిది కొడుక్కి కృత్తికల గుంపు చూపించి, దీన్ని ఊళ్లలో పిల్లలకోడి అంటార్రా అన్నాను. “పందెం కట్టే కోడేనా మావయ్యా?” అన్నాడు.

పగలే కొన్ని పనులు ముగించుకున్నాను. గొట్టం మీదుండే చిన్న ఫైండరు, పెద్ద గొట్టం రెండూ ఒకేచోటికి చూడాలి. దూరంగా ఉన్న సెల్ టవరు కొన మీద రెండింటినీ కలిపాను. ఇలా పగలు పని చేసేటప్పుడు పొరపాటున కూడా గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పకూడదు, కన్ను పోతుంది. స్టాండు వాలకుండా రసమట్టం పెట్టి సరిచేశాను. ఎండకు కాగిన శ్లాబు పొద్దుగూకాక వేడి వదులుతుంది, ఆ సెగకు బొమ్మ నీళ్లలో నీడలా ఊగుతుంది. అందుకని డాబా వదిలి కళ్లంలో దింపాను.

చీకటి బాగా ముదిరాక అలైన్‌మెంట్ మొదలుపెట్టాను. మొదటి చుక్కగా రోహిణిని ఎంచుకున్నాను. కంట్రోలర్‌లో దాని పేరు అల్డెబరాన్. అరబ్బీ పేరు, వెంట వచ్చేది అని అర్థం. కృత్తికల వెంట వస్తుంది కనుక వాళ్లు అలా పిలిచారు, మన జాబితాలోనూ కృత్తిక తర్వాత రోహిణే. రెండోదిగా లుబ్ధకుడు. ఓరియన్ నెబ్యులా అడిగితే గొట్టం తిరిగి ఖాళీ ఆకాశం ముందు ఆగింది. మళ్లీ మొదటి నుంచి చేశాను, మళ్లీ ఖాళీయే. మూడోసారికి పిల్లలంతా ఇళ్లలోకి జారుకున్నారు. మామగారు మాత్రం మంచుకు తలపాగా చుట్టుకుని వచ్చి నిలబడ్డారు.

“ఏ చుక్క కావాలంటోంది అల్లుడుగారూ?”

“రోహిణండీ.”

ఆయన తల పూర్తిగా వెనక్కి వాల్చారు. “అది సరిగ్గా నడినెత్తిన ఉందిగా. నడినెత్తిన ఉన్నదాన్ని ఏ దిక్కున ఉందని చెబుతారు? మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదుంటే నీడ ఏ పక్కనా పడదు చూడండి, ఇదీ అంతే కదా.”

చేతిలో కంట్రోలర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ రకం టెలిస్కోపు ప్రతి చుక్కనూ రెండు అంకెల్లో గుర్తుపెట్టుకుంటుంది, ఏ దిక్కున, ఎంత ఎత్తున అని. సరిగ్గా నడినెత్తిన ఉన్న చుక్కకు ఎత్తు ఉంటుంది, దిక్కు ఉండదు. అక్కడ ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే తూర్పు కాస్తా పడమర అయిపోతుంది. నేను దిక్కే లేని చుక్కను చూపించి దిక్కులు నేర్చుకోమంటున్నాను.

ఇంటికొచ్చాక లెక్క చూసుకున్నాను. రోహిణి ఖగోళ మధ్యరేఖకు పదహారున్నర డిగ్రీలు ఉత్తరాన ఉంటుంది. విజయవాడ అక్షాంశమూ పదహారున్నరే. అంటే ఆ చుట్టుపక్కల వాళ్లకు ఈ చుక్క రోజూ సరిగ్గా తల మీదుగా దాటుతుంది. సంక్రాంతి రోజున ఆ దాటే వేళ రాత్రి 9 గంటల 5 నిమిషాల ప్రాంతం. నేను కుస్తీ పట్టింది కచ్చితంగా అప్పుడే. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉండే అమెరికావాళ్లకు అదే రోహిణి నెత్తికి ఇరవై మూడున్నర డిగ్రీలు దిగువనే ఉంటుంది కనుక ఈ ఇబ్బంది లేదు. సూచనల పుస్తకం రాసింది వాళ్లు, వాళ్ల ఆకాశాన్ని చూసి. మనం దాన్ని మన డాబా మీద చదువుకుంటున్నాం.

మన ఆకాశాన్ని ఇక్కడి నుంచే చూసినవాళ్లు లేకపోలేదు. విశాఖపట్నంలో 1840లోనే గొడే వెంకట జగ్గారావు గారు సొంత వేధశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత దాన్ని నడిపిన అంకితం వెంకట నర్సింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. వాళ్లిద్దరూ కూడా మామా అల్లుళ్లే. హ్యాండ్ కంట్రోలర్ లేకపోవడం వాళ్లకు కలిసొచ్చిందేమో అని నా అనుమానం.

ఆ రాత్రి రోహిణిని వదిలేసి ఉత్తరాన బ్రహ్మహృదయాన్ని, ఆగ్నేయంలో లుబ్ధకుణ్ని ఎంచుకున్నాను. రెండూ నెత్తికి దూరం, నేలకూ దూరం, ఒకదానికొకటి కూడా బాగా ఎడం. చుక్కను సరిగ్గా నడిమధ్యకు తేవడానికి ఒక ఉపాయం ఉంది. ఫోకస్ చెడగొడితే చుక్క ఉబ్బి, మధ్యలో చిల్లుతో గుండ్రంగా అవుతుంది. ఆ చిల్లు గొట్టం మూతి దగ్గరుండే చిన్న అద్దం నీడ. సూదిమొనంత చుక్క కంటే దాన్ని మధ్యలో నిలపడం తేలిక. అలికిడికి మళ్లీ బయటికొచ్చిన బావమరిది కొడుకు కన్ను పెట్టి, “నాయనమ్మ వండిన గారె!” అన్నాడు. వాడి పోలికను మించింది నాకు ఇంతవరకు తట్టలేదు. ఇంకొకటి, చివరి సవరణ ఎప్పుడూ పై బటన్, కుడి బటన్‌లతోనే ముగించాలి. గేర్ల పళ్ల మధ్య కాస్త వదులు ఉంటుంది, ఒకే వైపు నుంచి నెడితే ఆ వదులు లెక్క తప్పించదు.

ఈసారి అడగ్గానే ఓరియన్ నెబ్యులా వచ్చింది. 1,300 కాంతి సంవత్సరాల అవతల నుంచి వచ్చిన బూడిదరంగు వెలుగు, దాని నడుమ నాలుగు చిన్న చుక్కలు. మామగారు చాలాసేపు చూసి, పొయ్యి మీద పొగలా ఉందన్నారు. తర్వాత రోహిణిని చూపించమన్నారు. అప్పటికి అది పడమటికి కాస్త వాలింది. సూర్యుడికి నలభై రెట్ల పైగా వెడల్పున్న నక్షత్రమైనా, 65 కాంతి సంవత్సరాల దూరం వల్ల నా టెలిస్కోపులో ఎర్రటి చుక్కే.

“ఇంతేనా? ఈ కాస్త చుక్కకేనా రోళ్లు పగిలే ఎండ కాసేది?” అన్నారాయన. రోహిణి కార్తెలో ఆ ఎండ సూర్యుడిదేనని, అప్పుడు సూర్యుడు ఈ చుక్క ఉన్న వైపే కనిపిస్తాడని చెప్పబోయాను. “తెలుసులెండి” అని నవ్వి లోపలికి వెళ్లారు.

గుడివాడ, విజయవాడ, ఏలూరు వైపు ఉండేవాళ్లు వచ్చే సంక్రాంతి రాత్రి 9.05కు ఆరుబయట వెల్లకిలా పడుకుని చూడండి. సరిగ్గా పైన ఎర్రగా కనిపించేది రోహిణే. పండగ రోజు కుదరకపోతే, ఆ తర్వాత రోజుకు నాలుగేసి నిమిషాలు ముందుగా చూసుకోండి.