నలుగురిలో అడిగిన ప్రశ్న

ఎర్రర్ వస్తే ఇదివరకు దాన్ని ఉన్నదున్నట్టు గూగుల్‌లో వేసేవాళ్లం. స్టాక్ ఓవర్‌ఫ్లో పేజీ తేలేది. ఎవరో ఎప్పుడో అదే చిక్కులో పడి అడిగిన ప్రశ్న, దాని కింద జవాబులు. ఇప్పుడు ఆ ఎర్రర్‌ను చాట్‌జీపీటీకో జెమినైకో ఇస్తున్నాం. ప్రోగ్రామర్‌గా నేనూ రోజూ చేస్తున్నది అదే. దీనివల్ల మేలు జరిగింది, అదీ ఎక్కువగా మన పిల్లలకే.

జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో మొదలుపెట్టారు. అక్కడ ఇంగ్లిష్‌లోనే అడగాలి. పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ వాళ్లకు విడిగా సైట్లు వచ్చాయి గానీ ఏ భారతీయ భాషకూ రాలేదు. తెలుగు మీడియంలో చదివి, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ జావా నేర్చుకునే అమ్మాయికి తన సందేహాన్ని ఇంగ్లిష్‌లో ప్రపంచం ముందు పెట్టడమే ఒక పరీక్ష. ధైర్యం చేసి పెట్టినా, ఇది ఇదివరకే అడిగారంటూ ప్రశ్నను మూసేసేవాళ్లు, మైనస్ ఓటు వేసేవాళ్లు. అలా ఒకసారి ముడుచుకుపోయిన వాళ్లు మళ్లీ నోరు తెరవరు. ఇవాళ అదే అమ్మాయి ‘ఈ లూప్ ఎందుకు ఆగట్లేదు?’ అని తెలుగులోనే అడగొచ్చు. అర్థం కాకపోతే మళ్లీ మళ్లీ అడగొచ్చు, విసుక్కునేవాళ్లు లేరు. దీన్ని సోమరితనం అనే సీనియర్లతో నేను ఏకీభవించను.

అయినా పోతున్నదేమిటో చెప్పాలి.

2012లో ఆ సైట్‌లో ఒకరు ఒక వింత గమనించి అడిగారు. సీ ప్లస్ ప్లస్‌లో 32,768 సంఖ్యల అర్రే. ఒక్కో సంఖ్యనూ చూసి, 128 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మొత్తానికి కలపాలి. ఇదే పని లక్షసార్లు చేయించారు. సంఖ్యలు కలగాపులగంగా ఉన్నప్పుడు 11.54 సెకన్లు పట్టింది. వరుసలో పేర్చి చేస్తే 1.93 సెకన్లే. అవే సంఖ్యలు, అదే మొత్తం. ఎందుకిలా?

ప్రాసెసర్ ‘ఇఫ్’ దగ్గర తేలేదాకా ఆగదు, ఎటు వెళ్లాలో ఊహించి పని మొదలుపెట్టేస్తుంది. ఊహ తప్పితే చేసింది పారేసి వెనక్కి రావాలి. వరుసలో ఉంటే ముందు అన్నీ చిన్నవి, తర్వాత అన్నీ పెద్దవి కాబట్టి ఊహ దాదాపు తప్పదు. కలిసిపోయి ఉంటే ఇంచుమించు సగంసార్లు తప్పుతుంది. బ్రాంచ్ ప్రిడిక్షన్ అంటే ఇదే. జవాబు రాసినవారు అక్కడితో వదల్లేదు. వేరే కంపైలర్లతోనూ నడిపి చూశారు. కొన్ని కంపైలర్లు ఆ ‘ఇఫ్’నే మార్చేస్తాయని, అప్పుడు తేడాయే ఉండదని చేర్చారు. ఇంకా ఎందరో తమకు తెలిసింది కలిపారు. ఆ పేజీని వేలాదిమంది మెచ్చి ఓటేశారు. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పాఠం నాకు నిజంగా ఒంటబట్టింది ఆ పేజీ చదివాకే.

ఇదే ప్రశ్న చాట్‌బాట్‌ను అడిగితే చక్కగా చెబుతుంది. అలా చెప్పగలగడానికి ఇలాంటి పేజీలూ ఒక కారణం. కానీ నిన్న విడుదలైన లైబ్రరీలో ఇవాళ ఎదురైన వింతను నేను చాట్‌లో అడిగి తేల్చుకుంటే అది నా దగ్గరే ఆగిపోతుంది. రేపు మరొకరు అదే గోడకు తల బాదుకోవాలి. జవాబు తప్పయితే, ‘కాదు, ఈ వెర్షన్‌లో అలా పనిచేయదు’ అనే మూడో మనిషి పక్కన ఉండరు. స్టాక్ ఓవర్‌ఫ్లోలోని 517 ప్రశ్నలకు చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబులను పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2024లో ప్రచురించారు. 52 శాతం జవాబుల్లో తప్పుడు సమాచారం ఉంది. మర్యాదగా, వివరంగా ఉండటంతో చదివినవాళ్లు చాలాసార్లు ఆ తప్పును పట్టుకోలేకపోయారు. మోడళ్లు అప్పటికీ ఇప్పటికీ మెరుగుపడ్డాయి, నిజమే. తప్పు చెప్పేటప్పుడు కూడా అదే నమ్మకంతో చెప్పే గుణం మాత్రం పోలేదు.

అడగడం కూడా ఒక విద్యే. నలుగురిలో పెట్టాలంటే ఐదొందల లైన్ల ప్రోగ్రామ్‌ను పదిహేను లైన్లకు కుదించాలి, ఏం రావాలనుకున్నామో, ఏం వచ్చిందో విడివిడిగా రాయాలి. ఆ కుదింపులోనే చాలాసార్లు తప్పు బయటపడుతుంది, ప్రశ్న పంపే అవసరమే ఉండదు. చాట్‌బాట్‌కు ఫైలంతా ఇచ్చేసి ‘చూడు’ అంటే ఆ సాధన జరగదు. కొత్తగా చేరే ఇంజినీర్లలో నాకు ఎక్కువగా కనిపిస్తున్న లోటు ఇదే.

స్టాక్ ఓవర్‌ఫ్లో 2024 మేలో ఓపెన్ఏఐతో ఒప్పందం చేసుకున్నప్పుడు కొందరు కోపంతో తమ పాత జవాబులు చెరిపేయబోయారు. సైట్ ఒప్పుకోలేదు, కొన్ని ఖాతాలను నిలిపేసింది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. పైసా తీసుకోకుండా, తర్వాత వచ్చేవాళ్ల కోసమని రాసినవి అవి. అయినా చెరిపేస్తే నష్టపోయేది ఆ తర్వాత వచ్చేవాళ్లే.

కాబట్టి చాట్‌బాట్‌ను నిస్సంకోచంగా అడగండి. దాని సాయంతో ఒక మొండి బగ్ తేలిందనుకోండి, చెప్పింది నిజమో కాదో నడిపి చూసుకుని, ఏ వెర్షనో, ఎర్రర్ ఏమిటో, ఎందుకొచ్చిందో పది లైన్లలో అందరికీ కనబడే చోట రాసి పెట్టండి. తెలుగులో రాయండి. ఇప్పుడు మనల్ని తెలుగులో వద్దనేవాళ్లు ఎవరూ లేరు.